కొసరుగా వచ్చిన చేప

మొన్న మా పెరంబూరు ఇంటికి, నెలకోసారి చేపల తొట్టి కడిగిపోయే మనిషి వచ్చి, అద్దాలన్నీ తళతళలాడేట్టు రుద్ది, నీళ్లు మార్చి, చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు. అది విన్నప్పటినుంచి నా కడుపుమంట చల్లారలేదు. ఆ తొట్టిలో రంగు చేపలతోపాటు నల్లటిది ఒకటుంది, సక్కర్ అంటారు. కిందివైపున్న నోటితో అద్దాన్ని కరుచుకుని పాచి గీరుకుని తింటుంది. దాని పొట్ట లోపలికి పీక్కుపోయి, కళ్లు గుంటలు పడ్డాయని మనవరాలు బడినుంచి రాగానే దాని ముందే కూర్చుంటోంది. దీనికేం పెట్టాలి నాయనా అని అడిగాను. "దానికి మేత ఎందుకుమా, పాచి తిని బతుకుతాది. పోయిందంటే చెప్పండి, ఇంకోటి ఏస్తాం" అన్నాడు. తొట్టిలో ఉన్న కాస్త పాచినీ అప్పుడే గీకి బకెట్లో పోసిన పెద్దమనిషి, అదే పాచి తిని బతకమంటాడు!

నా ఈడు వాళ్లకైతే ఈ కోపం ఎక్కడిదో చెబితే అర్థమవుతుంది. సౌకార్‌పేటలో మా నాయనకు ఎవర్‌సిల్వర్, అదే స్టీలు, పాత్రల అంగడి ఉండేది. నేను అక్కడే, బిందెల మధ్య పెరిగాను; బేరమాడటం ఎవరూ నేర్పలేదు, గాలిలో ఉండేది. ఈనాటికీ కొత్తిమీర కొసరు వెయ్యనిదే కూరల బండిని కదలనివ్వను. డాక్టరు మందుల చీటీ రాసిస్తే, ఇందులో ఒకటి తగ్గించుకోకూడదా అని అడిగి, ఆయన చేత కళ్లద్దాలు తీయించిన దాన్ని. అయితే నాకు ఈ విద్యలో గురువు మా మేనత్త. ఆమె మా ఇంట్లోనే ఉంటూ అంగడి వాళ్లందరికీ వండిపెట్టేది.

నాయనకు ఎందుకో ఆ రోజుల్లో అంగట్లో చేపల తొట్టి పెట్టాలని బుద్ధి పుట్టింది. పాత్రలు కొనడానికి వచ్చే ఆడవాళ్ల వెంట పిల్లలుంటారు, వాళ్లు చేపల్ని చూస్తూ ఊరుకుంటే తల్లులు నిదానంగా కొంటారని ఆయన లెక్క. తీరా జరిగిందేమంటే, పిల్లలు చేపల్ని చూస్తుంటే తల్లులు నిదానంగా బేరమాడేవాళ్లు, నాయన దిగాలుగా చూస్తుండేవాడు. సరే, ఆ తొట్టి కొనడానికి మూర్ మార్కెట్టుకు పోయినప్పుడు అత్తను వెంటబెట్టుకుపోయాడు, నేనూ తోకలా వెళ్లాను. బేరం తెగాక, కొసరు లేకుండా అంగడి మెట్టు దిగితే మా వంశానికే తలవంపులన్నట్టు అత్త అక్కడే నిలబడిపోయింది. ఆ అంగడతను విసిగి వేసారి ఒక నల్లచేపను కవర్లో వేసి, దీనికి మేత పెట్టే పనే లేదు, అద్దం తుడుస్తూ దాని బతుకు అది బతుకుతుందని చెప్పి పంపాడు. దాని మొహం చూసి అత్త మూతి ముడుచుకుంది గాని, కొసరును వెనక్కివ్వడం ఎక్కడైనా ఉందా? కూడూ గుడ్డా అడగని పనివాడు దొరికాడని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం.

ఇక్కడ మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం తలుపు సగం దించి, వెనక గదిలో అందరం ఒకే వరసలో కూర్చునేవాళ్లం. నాయన, లెక్కలు రాసే ఆయన, సొట్టలు తీసే ఆయన, ఆ పూట సరుకు తెచ్చిన బండి మనిషి, అందరికీ ఒకటే కూర, ఒకటే చారు. అత్త మాత్రం వెంటనే కూర్చునేది కాదు. వీధి వైపు తల బయటపెట్టి, "ఇంకెవరన్నా ఉండారా?" అని ఒక్క కేక వేసి, ఎవరూ లేరని తేలాకే తన కంచం తీసుకునేది. పని చేయించుకుని పస్తు పంపే అంగడి అనిపించుకోవడం మా బజారులో దివాలా తీసినదానికంటే పెద్ద అవమానం.

కొన్నాళ్లకు తొట్టి అద్దాలు మెరిసిపోయాయి, నల్లచేప పొట్ట పీక్కుపోయింది. అందరి కడుపులూ చూసే అలవాటున్న అత్త కళ్లకే అది ముందు ఆనింది. "పనిలో పెట్టుకున్నాం గదరా దాన్ని. తుడిచేదానికి ఆడ పాచి లేదు, పెట్టేదానికి మనకి మనసు లేదు. అదేం తినాల?" అని నాయన్ని నిలదీసింది. జవాబు కోసం ఆగకుండా పప్పన్నం ముద్ద కలిపి తొట్టిలో వేసింది. తెల్లారేసరికి నీళ్లు చిక్కటి చారులా మారి, ఆ వాసనకు వచ్చిన బేరాలు వచ్చినట్టే తిరిగిపోయాయి. నాయన ముక్కుకు కండువా కట్టుకుని తొట్టి కడిగాడు. అత్త తగ్గలేదు. కీరదోస ముక్కను వేడినీళ్లలో కాస్త మెత్తబరిచి, తేలిపోకుండా అంగట్లోని చెంచాకు దారంతో కట్టి అడుగున వదిలింది. దీపాలు ఆర్పాక ఆ చేప వచ్చి దాన్ని కరుచుకుంది. ఆనాటినుంచి దానికి ఒక రోజు కీరదోస, ఒక రోజు పాలకూర. తినగా మిగిలింది పొద్దున్నే తీసెయ్యడం, వెనక అద్దంమీది పాచిని ఎవరూ ముట్టుకోకపోవడం. ఆ చేప చెయ్యంత పొడుగు పెరిగి, తొట్టి మార్పించేదాకా తెచ్చింది.

అందుకే మొన్న నేనూ చెంచా తీసి, కీరదోస ముక్క కట్టి వదిలాను. ఆ రాత్రి చేప దాని దగ్గరికే రాలేదు. "అవ్వా, చచ్చిపోతాదా అది?" అని మనవరాలు అడిగింది. మర్నాడు మనవరాల్ని వెంటబెట్టుకుని, తొట్టి కొన్న అంగడికే పోయాను. నీళ్లలో మునిగే మేత బిళ్లలూ, ఇలాంటి చేపలు గీరుకునే చెక్కముక్కా తీసుకున్నాను. చెక్క దగ్గర బేరమాడాను, అది ఒప్పుకోవాలి. కోపం వేరు, అలవాటు వేరు. అంగడతనికి జాలేసిందో, విసుగేసిందో, వేలెడంత సక్కర్లు రెండింటిని కవర్లో వేసి నా ముందు పెట్టాడు. "ఉండేది ఎట్లాగూ నిలవదుమా. ఇవి తీసుకుపోండి, కొసరు."

మనవరాలు నా మొహం చూసింది. నేను ఆ కవరును మెల్లిగా వెనక్కి నెట్టాను. పుట్టి బుద్ధెరిగాక కొసరు వద్దన్నది అదే మొదలు. "ముందు ఉండేదానికి కూడు పెట్టనీ నాయనా. పెట్టలేని ఇంటికి పనోళ్లు ఎందుకు?" అన్నాను. అతను నవ్వేసి, ఆ కవరును వెనకొచ్చిన వాళ్లకిచ్చాడు.

ఆ సాయంత్రం చెక్కనూ, కీరదోస ముక్క కట్టిన చెంచానూ తొట్టి అడుగున పెట్టి, దీపం తీసేసి ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. చాలాసేపటికి ఆ నల్లటిది చెక్క కిందినుంచి జరిగి జరిగి వచ్చి, చెంచా మీదికెక్కి, దోసముక్కను కరుచుకుంది. ఇంకా కుదుటపడలేదు గాని, తింటోంది. తొట్టి కడిగే మనిషికి ఫోను చేసి, వెనక అద్దం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

ఆ తర్వాత ఒకరోజు సౌకార్‌పేట వైపు వెళ్లాను. మా అంగడి ఇప్పుడు వేరేవాళ్లది. మేము వరసగా కూర్చున్న వెనక గది నిండా అట్టపెట్టెలు. పనివాళ్లు బయట స్కూటర్ల మీద కూర్చుని, ఎవరి డబ్బా వాళ్లు మూతతో మొహం దాచుకున్నట్టు తింటున్నారు. లోపల యజమాని ఫోనులో చూస్తూ ఒక్కడే తింటున్నాడు. కాసేపు నిలబడ్డాను. వీధి వైపు ఎవరూ తల బయటపెట్టి చూడలేదు. ఇంటికొచ్చి, రాత్రి నేను కంచం ముందు కూర్చోబోతూ, దీపం ఆర్పిన తొట్టి వైపు తిరిగి, నాకు తెలియకుండానే అడిగాను, ఇంకెవరన్నా ఉండారా అని.