మడి సైకిలుకి బ్రేకు లివరు

పాత సైకిళ్ళు బాగుచేయటం నాకు సరదా. ఆదివారం వస్తే రాజమండ్రిలో మా వాటా ముందు ఏదో ఒక సైకిలు తలకిందులుగా నిలబడి ఉండేది. ఆ సరదా మీద విరక్తి పుట్టించింది మా మావయ్య సైకిలు, అందులోనూ దాని ముందు బ్రేకు లివరు.

మావయ్య కోనసీమలో పురోహితుడు. తద్దినాలు పెట్టించటానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిలు మీదే తిరిగేవాడు. పొద్దున్నే స్నానం చేసి మడి బట్ట కట్టుకున్నాడంటే పని పూర్తయ్యేదాకా ఆయన్ని ఎవరూ తాకకూడదు. ఆటో ఎక్కడు, మోటారు సైకిలు వెనక కూర్చోడు. తోలు మడికి పనికిరాదని సైకిలు సీటు కూడా ప్లాస్టిక్‌ది వేయించుకున్న మనిషి. ఆ సైకిలేమో వాళ్ళ నాన్న కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ సరుకు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఏటిగట్టు దిగుతుంటే ఆ లివరు పుటుక్కున విరిగి మావయ్య వెళ్ళి అరటితోటలో పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. బ్రేకు బాగయ్యేదాకా సైకిలు గడప దాటటానికి వీల్లేదని అత్తయ్య తాళం చెవి తీసుకుని బొడ్లో దోపుకుంది. సైకిలు కదలకపోతే ఆయన పౌరోహిత్యం కదలదు. అందుకని సైకిలు నా దగ్గరికి వచ్చింది.

మా వీధి చివర మెకానిక్ విరిగిన ముక్కలు చూసి, "ఇత్తడి పోసి అతికించేద్దామండి," అన్నాడు. అతుకుల దాని మీద మావయ్యని ఎక్కిస్తానా అని కొట్టిపారేశాను. కొత్తదే వేయాలని పట్టుబట్టింది నేనే.

ఆ సైకిలుకి కేబుళ్ళు లేవు. లివరు నొక్కితే ఇనప రాడ్ ఒకటి పైకి లేచి, రబ్బరు ముక్కల్ని రిమ్ముకి లోపలి వైపు అదుముతుంది. ఇప్పటి రాడ్ లివర్లేవీ ఆ హ్యాండిలుకి కూర్చోలేదు. తునిలో తెచ్చింది అరంగుళం పొట్టి. పోనీ కేబుల్ బ్రేకు పెడదామంటే అది రిమ్ముని పక్కల నుంచి పట్టుకుంటుంది, ఈ రిమ్ము పక్కలేమో గుండ్రం. లివరు కోసం బ్రేకు మార్చాను, బ్రేకు కోసం రిమ్ము మార్చాను. భీమవరంలో గేరు సైకిళ్ళ షాపాయన తళతళలాడే లివరొకటి అంటగట్టాడు. బిగించి నొక్కితే రాయిలా ఉంది, చక్రం మాత్రం తన మానాన తాను తిరుగుతోంది. అది కేబుల్ని బారుగా లాగే రకమట, నా బ్రేకుకి కొంచెం లాగితే చాలట. ఈ ముక్క డబ్బా మీద రాయరు, అమ్మేవాడు చెప్పడు. చివరికి కొవ్వూరులో పాత ఇనప సామాను కొట్లో, తుక్కులో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికితే సరైనది దొరికింది.

మావయ్య గట్టు దిగి చూసి, "అన్నచోట ఆగుతోందిరా," అన్నాడు. అత్తయ్య తాళం చెవి ఇచ్చేసింది.

నెల తిరక్కుండానే ఫోను. "ఒరేయ్, నీ బ్రేకు పట్టుకుంది గానీ వదలటం లేదురా." ముందు చక్రం ఎత్తి పట్టుకుని మూడు మైళ్ళు నడిచాడట. ఆయన వెళ్ళేదాకా తద్దినం వాళ్ళ ఇంటిల్లిపాదీ ఆకలితో కూర్చున్నారట.

వెళ్ళి కేబుల్ విప్పితే తొడుగు లోపలంతా తుప్పు. నెలకే ఇంత తుప్పేంటో అర్థం కాలేదు. మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్తే, మావయ్య నూతి దగ్గర తన స్నానం ముగించి, సైకిలు నెత్తిన బకెట్టుతో నీళ్ళు గుమ్మరిస్తున్నాడు.

"ఏంటి మావయ్యా ఇది?"

"ఊళ్ళో అందరూ ముట్టుకునే సైకిలు కదరా. మడి కట్టుకుని దాన్ని అలాగే ఎక్కనా?"

"రోజూనా?"

"ముప్పై ఏళ్ళనుంచి."

ఒళ్ళు మండిపోయింది. నా ఆదివారాలన్నీ ఆ నీళ్ళలో కొట్టుకుపోయాయి. కనీసం గ్రీజు పెట్టనివ్వమన్నాను. అందులో ఏ కొవ్వు కలుపుతారో, వద్దన్నాడు. "అయితే పిలిచినవాళ్ళనే బండి పంపమను. వాళ్ళ నూతి దగ్గరే స్నానం చేసి మడి కట్టుకో," అని అరిచాను.

మావయ్య బకెట్టు కింద పెట్టాడు. "ఆ మాత్రం నాకు తోచక కాదురా. ఈ ఏడు బండి పంపుతారు. పై ఏడు, ఇదంతా ఎందుకు, పక్క వీధిలో ఇంకొకాయన ఉన్నాడుగా అనుకుంటారు. నా అంతట నేను వాళ్ళ గుమ్మంలో దిగినన్నాళ్ళే నేను వాళ్ళ పురోహితుణ్ణి."

నా కోపం పోలేదు, ఆయన మీది నుంచి నా మీదికి మళ్ళింది.

ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళకి తట్టుకున్న పాత రిమ్మూ రాడ్లూ అదృష్టం కొద్దీ పారేయలేదు. రాజమండ్రి తిరిగొచ్చి, విరిగిన లివరు మా వీధి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. మొదటిరోజే చెప్పానుగా అని ఆయన అనలేదు, అదింకా చిరాకు. ఇత్తడి పోసి పది నిమిషాల్లో అతికించి ఇచ్చాడు. అవన్నీ మావయ్య ఊరికి తీసుకెళ్ళి పాత పద్ధతిలో బిగించి, ఏటిగట్టు మీంచి నేనే పదిసార్లు దిగి చూశాను. పదిసార్లూ ఆగింది.

మర్నాడు మావయ్య తద్దినానికి బయలుదేరే వేళకి నూతికి దూరంగా నిలబడ్డాను. రెండు బకెట్లు పోసి సైకిలు తీయబోతున్నాడు.

"ఆగు మావయ్యా," అన్నాను. "ఆ లివరు ఇందాకే నేను ముట్టుకున్నాను. దాని మీద ఇంకో బకెట్టు పొయ్యి."