ఇంజిన్ లేదంటే నమ్మలేదు

మా అన్నకు దూరపు చూపు తక్కువ. దళసరి అద్దాలు పెట్టుకున్నా ఆకాశంలో గద్ద కొంచెం పైకి పోతే ఇక కనపడదు. అందుకే మా ఇంట్లో గ్లైడర్లు చేసేది అన్న, ఎగరేసేది నేను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మెదక్ నుంచి వచ్చి నాంపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం, అమ్మ, అన్న, నేను. అన్న గౌలిగూడలో టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. నాకు బషీర్‌బాగ్‌లో ఆఫీసు ఉద్యోగం. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అన్నకు ఒక విదేశీ పత్రిక దొరికింది. కొండకు ఎదురుగా కొట్టే గాలి ఆ కొండను తాకి పైకి లేస్తుందట. ఆ గాలి మీద ఇంజిన్ లేని చిన్న విమానాన్ని రిమోట్‌తో ఎంతసేపైనా తిప్పవచ్చట. ఆ బొమ్మలు చూసిన రోజు నుంచి అన్నకు వేరే ధ్యాస లేదు. తేలికపాటి బాల్సా కర్ర తెప్పించి, నెలల తరబడి చెక్కి, అతికించి ఒక గ్లైడర్ చేశాడు. రైలెక్కి వికారాబాద్ పోయి, అక్కడి కొండ అంచున దాన్ని ఎగరేయడం నేర్చుకున్నాను. మొదటిది ముక్కలైంది. రెండోది బతికింది.

వానాకాలం మొదట్లో పడమటి గాలి బాగా లేస్తుంది. అలాంటి ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. "చర్చికి రాకుండ కొండలకు పోతరా?" అని అమ్మ కోప్పడింది. రెక్కల్ని పాత దుప్పట్లో చుట్టి నేను భుజానికి వేసుకున్నాను. విమానం మొండెం, మిగతా సామాను ఉన్న అట్టపెట్టె అన్న చేతిలో ఉంది.

ఆ వారం ఎవడో ఫోన్ చేసి నాంపల్లి రైల్వే స్టేషన్‌లో బాంబు ఉందని బెదిరించాడట. ఆ సంగతి మాకు తెలియదు.

గేటు దగ్గర ఒక పోలీసు జవాను దుప్పటి మూటను చూసి ఆపాడు. పొడుగ్గా, సన్నగా ఉంది కదా, తుపాకీ అనుకున్నాడేమో. అట్టపెట్టె తెరవమన్నాడు. వైర్లు, బ్యాటరీ, పొడుగు ఏరియల్ ఉన్న రిమోట్. అతని ముఖం మారిపోయింది.

"గిదేంది?"

"గ్లైడర్ సార్, బొమ్మ విమానం," అన్నాడు అన్న. "చూడండ్రి, చూపిస్త," అంటూ రిమోట్ స్విచ్ మీద చేయి వేయబోయాడు.

"ఏయ్! ముట్టకు!" జవాను అరుపుకు టికెట్ల క్యూ మొత్తం వెనక్కి జరిగింది. ఎవరో పిల్లను ఎత్తుకుని పరుగెత్తారు. అన్న రెండు చేతులూ గాలిలోకి లేపి అలాగే ఉండిపోయాడు. అద్దాలు ముక్కు మీదికి జారినా సర్దుకోలేదు. మా అన్నను అట్లా చూడటం అదే మొదటిసారి.

మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు. పెట్టెను బయట ఇసుక బస్తాల మధ్య పెట్టారు. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నడివయసు మనిషి, గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"విమానమంటరు. మరి ఇంజిన్ ఏది?"

"ఇంజిన్ ఉండదు సార్. గాలి మీదనే ఎగురుతది."

"ఇంజిన్ లేకుండ ఎగురుతది, రిమోట్‌తోని తిరుగుతది. నన్ను నమ్మమంటవా?"

అన్న చెప్పిన కొద్దీ వ్యవహారం చిక్కుబడింది. సిగ్నల్ అన్నాడు, ఫ్రీక్వెన్సీ అన్నాడు. ఒక్కో మాటకూ ఇన్‌స్పెక్టర్ కనుబొమలు దగ్గరకు వచ్చాయి. లోపల ఏముందో కోసి చూడమని జవానుతో అన్నాడు. అన్న లేచి నిలబడ్డాడు. నేను అతని చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాను.

"కోయకండి సార్. కడుపు మూత రబ్బరు బ్యాండ్లతోనే ఉంటది, నేను విప్పి చూపిస్త," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ నా వైపు మొదటిసారి చూశాడు. "ఎగరేసేది ఎవరు?"

"నేనే."

బయటికి తీసుకెళ్లి, అందరినీ దూరంగా పంపి, తను మాత్రం నా పక్కనే నిలబడ్డాడు. బ్యాండ్లు విప్పాను. కడుపులో బ్యాటరీ, తోకను తిప్పే అగ్గిపెట్టెలంత రెండు మోటార్లు. ముందు రిమోట్, తర్వాత విమానం స్విచ్ వేశాను. గుర్‌మని చప్పుడు వచ్చింది, తోక అటూ ఇటూ ఊగింది. ఆయన అడుగు వెనక్కి వేయలేదు కానీ ఊపిరి బిగపట్టడం గమనించాను.

"తోక ఊపితే ఎగిరినట్టా? గా ఎదురుగున్న లాడ్జి మిద్దె మీదికి పోదాం. ఎగరేసి చూపియ్."

తలెత్తి చూశాను. గాలి ఉంది. ఎత్తు ఉంది. కానీ కింద ఆటోలు, బండ్లు, జనం. ఒక్క తప్పు చాలు, ఎవరి తలకో తగులుతుంది.

"మిద్దె మీద నుంచి ఎగరెయ్యను సార్."

"ఎగరెయ్యవా, ఎగరదా?"

"చెల్లే, ఎగరెయ్యి. నీకొస్తదిగా," అన్నాడు అన్న. "లేకపోతే మనల్ని ఇడువరు."

"మంది మీద పడితే?"

అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నా మీద కోపంగా ఉన్నాడని తెలుస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ రోడ్డు మీది జనం వైపు చూశాడు. చివరికి, "ఎగ్జిబిషన్ గ్రౌండ్ ఖాళీగనే ఉంది, నడువుండ్రి," అన్నాడు.

ముందొక జవాను, వెనకొక జవాను. దారిలో మమ్మల్ని తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని తల ఎత్తలేదు.

గ్రౌండ్‌లో ఉత్త రేకుల షెడ్లు, పొడుగ్గా పెరిగిన గడ్డి. కొండ లేదు కాబట్టి పతంగిని లేపినట్టే దారంతో లేపాలి. నేను రెక్కలు బిగించాను. అన్న పెట్టెలోని దారం తీసి, కొస పట్టుకుని గాలికి ఎదురుగా పరుగెత్తాడు. నేను వదిలాను. గ్లైడర్ నిటారుగా పైకి లేచింది, దారం ఊడింది, తెల్లటి రెక్కలు మా తలల మీద నిశ్శబ్దంగా తిరిగాయి. "అరే!" అన్నాడు ఒక జవాను.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ నడుముకున్న వైర్‌లెస్ సెట్ ఖర్‌మంది. ఆయన దాన్ని నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంటే గ్లైడర్ ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. నేను ఎడమకు లాగితే అది వినలేదు. ఆ సెట్ సిగ్నల్ మా రిమోట్ సిగ్నల్‌కు అడ్డం పడుతోంది.

"సార్, అది బంద్ చేయండి! బంద్!"

పోలీసాయన మీద అరిచానని కూడా అప్పుడు తోచలేదు. ఆయన సెట్ ఆపేశాడు. గ్లైడర్ మాట విన్నది, కానీ అప్పటికే గాలి దాన్ని తూర్పు గోడ వైపు ఈడ్చుకుపోయింది. గోడ దాటితే రోడ్డు, బస్సులు. తిప్పుకుని వెనక్కి తేవడానికి ఎత్తు చాలకపోవచ్చు. తేగలనేమో కూడా. ఆ నమ్మకం మీద బస్సుల మీదికి పంపలేను.

"ఎటు పోతున్నది? నాకు కనపడ్తలేదు!" అన్న అరుస్తున్నాడు.

"దించుతున్న," అని రిమోట్ మీది పుల్లను ముందుకు నెట్టేశాను. గ్లైడర్ ముక్కుతో గోడకు ఇవతల గడ్డిలో గుచ్చుకుంది. కర్ర విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

అన్న అక్కడికి నడిచి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముక్కు నుజ్జయింది, ఒక రెక్క మధ్యకు విరిగింది. ముక్కల్ని ఏరి దుప్పట్లో వేసుకుంటుంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి వంగి చూశాడు.

"కావాలనే పడేసినవా?"

"ఔ సార్. అవతల రోడ్డుంది."

ఆయన గోడ వైపు చూశాడు, మళ్లీ నా వైపు. "రిమోట్ తీస్కొని పోండ్రి. ఇగ స్టేషన్‌కు గిట్లా మూట కట్టుకొని రాకుండ్రి. ముందు వచ్చి మాకు చూపించి ఎక్కండ్రి," అన్నాడు. ఒక జవాను రెక్క ముక్కొకటి గడ్డిలో వెతికి తెచ్చిచ్చాడు.

దుప్పటి మూటను అన్నే మోసుకుంటూ ఇంటికి వచ్చాడు. వాకిట్లో ఆగి, "నేనైతే తిప్పేద్దామనే చూసేటోన్ని," అన్నాడు. "అప్పుడు ఏమయ్యేదో." నాకది చాలు.

అమ్మకు జరిగింది చెబితే మళ్లీ రైలెక్కనివ్వదని, చెట్టుకు తగిలి విరిగిందన్నాం. వానలు తగ్గేలోపల అన్న దాన్ని అతికించాడు. ముక్కు కొంచెం బరువెక్కింది, అయినా వికారాబాద్ కొండ మీద ఎగిరింది. స్టేషన్‌లో ప్రతిసారీ ముందుగా పోలీసుల గదికి వెళ్లి మూట విప్పి చూపించేవాళ్లం. ఆ గది గడపలో అడుగుపెట్టేటప్పుడు మాత్రం అన్న రెండు చేతులూ జేబుల్లోంచి తీసి, అందరికీ కనబడేట్టు పెట్టుకునేవాడు.