ఫీజు పెద్దమ్మది, ఫొటో కొడుకుది

పోయిన సోమవారం పొద్దున ఎంఎంటీఎస్ రైల్లో నిలబడి, ముందున్నాయన బ్యాగు నా ముక్కుకు తగలకుండా తల తిప్పుకొనే పనిలో ఉండగా పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు.

"తమ్మీ, అమ్మ పోయిందిరా."

"ఏ ఆఫీసుకు?" అన్నాను.

మా పెద్దమ్మ ఎప్పుడూ ఏదో ఒక ఆఫీసుకు పోతూనే ఉండేది కాబట్టి, ఆ ప్రశ్నకు నన్ను మరీ తప్పుపట్టకండి. అవతల అన్న ఏడుస్తున్నాడని అర్థమయ్యేసరికి రైలు సికింద్రాబాద్ స్టేషన్లోకి వచ్చింది. దిగేవాళ్లు నన్ను కూడా తోసుకుంటూ దించేశారు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నేరేడ్‌మెట్ దగ్గరి ఒక చెరువులో మొదట పెద్దనాన్నతో పాటు, ఆయన పోయాక తనే వల విసిరి, చేపలు పట్టి, రోడ్డు పక్కన గంప పెట్టుకుని అమ్మిన మనిషి. చెరువు పేరు రాయను. రాస్తే ఎవరైనా వచ్చి ప్లాట్లు చేస్తారు.

సంతాప వ్యాసాల్లో పోయినవాళ్లు శాంతమూర్తులై ఉండాలని ఒక నియమం ఉన్నట్టుంది. ఆ నియమం ప్రకారం మా పెద్దమ్మ అనర్హురాలు. ఆమె తిట్టేది. చిల్లర ఇవ్వని ఆటోవాణ్ణి, చెరువులో పూజ సామాన్లు కవర్తో సహా పడేసే భక్తుణ్ణి, ఫోన్ చూస్తూ అన్నం తినే నన్ను, అందరినీ సమానంగా తిట్టేది. కానీ నీళ్లమీద మాత్రం ఒక్క మాట తూలేది కాదు. "తిట్టేదుంటే కట్ట మీదనే తిట్టుకోవాలెరా. వల ఇసిరినంక నోరు మూసుకోవాలె" అనేది.

సాయంత్రాలు వల బాగుచేసుకునేది. వల కొసను ఫ్రిజ్ హ్యాండిల్‌కు కట్టి, సీరియల్ చూస్తూ తెగిన కన్నులు అల్లేది. సీరియల్ అయిపోయేదాకా ఆ ఇంట్లో ఎవరికీ చల్లటి నీళ్లు లేవు. పులుసు పెట్టిన రోజు రవ్వ చేప తలకాయ నా పళ్లెంలోనే వేసేది. "డిగ్రీ సదువుతున్నవ్, నీకే జెర తల గావాలె" అనేది. అది ఆశీర్వాదమో అవమానమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. తలకాయ మాత్రం ఎప్పుడూ వదల్లేదు.

ఇక ఆమెను పరేషాన్ చేసిన లైసెన్సు సంగతి. పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. ఆమె ఏళ్ల తరబడి పట్టింది.

ఆ చెరువులో వేట చేయాలంటే మత్స్యకారుల సంఘంలో సభ్యత్వం ఉండాలి. ఏటా ఫీజు కడితే సభ్యుడికి ఫొటో ఉన్న లైసెన్సు కార్డు ఇస్తారు. కార్డు ఎవరిదో వాళ్లు నీళ్లమీద ఉండాల్సిందే. వెంట ఒక సహాయకుణ్ణి తీసుకుపోవచ్చు. సభ్యుడు చనిపోతే వారసుల్లో ఒకరికి సభ్యత్వం ఇస్తారు. పెద్దనాన్న పోయినప్పుడు ఆ ఒకరు ఎవరన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. పెద్దమ్మే కొడుకు పేరు చెప్పి, తనకు అభ్యంతరం లేదని సంతకం పెట్టింది. "పిలగాని పేరు మీద ఏదో ఒకటుంటే సంబంధాలొస్తయి గదా" అని ఆమె లెక్క. సంబంధం వచ్చింది కూడా. వదిన తరఫువాళ్లు ఆ కార్డును సర్కారు నౌకరీ కాగితం చూసినంత గౌరవంగా అటూ ఇటూ తిప్పి చూశారు.

చిక్కల్లా ఒకటే. అన్న ఏసీ మెకానిక్. మూడో అంతస్తు గోడకు వేలాడుతూ స్క్రూలు బిగిస్తాడు గానీ మోకాలి లోతు నీళ్లు చూస్తే వణుకుతాడు. వేట తెలిసిన మనిషికి కార్డు లేదు, కార్డున్న మనిషికి వేట రాదు. కాబట్టి పొద్దున్నే థర్మకోల్ తెప్ప మీద ఇద్దరూ వెళ్లేవారు. కార్డు మెడలో వేసుకుని, లైఫ్ జాకెట్ తొడుక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని అన్న ఒక మూలన కూర్చునేవాడు. పెద్దమ్మ తెప్ప నడిపి, వల విసిరి, లాగి, చేపల్ని గంపలో వేసేది. కాగితాల ప్రకారం ఆమె సహాయకురాలు.

ఒకరోజు తనిఖీకి వచ్చినాయన కట్ట మీద నుంచి అరిచాడు.

"వేట ఎవలు చేస్తుండ్రమ్మా?"

"మా పిలగాడు సారూ! నేను ఉత్త హెల్పర్ను!"

"మరి వల నీ చేతిలున్నదేంది?"

"తడిసింది సారూ, ఆరబెడుతున్న!"

చెరువు నడుమ వల ఆరబెట్టే మనిషిని ఏమనాలో నియమావళిలో లేదేమో, ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. అన్న మాత్రం ఒడ్డుకొచ్చేదాకా కళ్లు తెరవలేదు.

ఈ నాటకం ఆమెకు నవ్వులాట కాదు. ఏటా ఫీజు కట్టే రోజున గంప అమ్మకం ఆపి, ఉతికిన చీర కట్టుకుని, ఆఫీసు కిటికీ ముందు వరుసలో నిలబడేది. రసీదు మీద కొడుకు పేరు చూసి దాన్ని మడిచేటప్పుడు ఒకే మాట అనేది. "ఫీజు నాది, ఫొటో వానిది." అన్నకు పని ఉన్న రోజు ఆమెకు వేట లేదు. వానికి జ్వరమొస్తే చెరువు మూతపడినట్టే. తన చేతి పనికి తన పేరు కావాలి, తను పోవాలనుకున్న రోజు నీళ్లమీదికి పోవాలి, అంతే ఆమె అడిగింది.

సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డ్ ఆఫీసర్ ప్రతి ఆదివారం ఆమె గంప దగ్గరికి వచ్చేవాడు. గుండెకు మంచిదని డాక్టరు సాల్మన్ చేప తినమన్నాడట. "అమ్మా, సాల్మన్ ఉందా?" అనేవాడు. "లేదు సాబ్, రవ్వ తీస్కపో, గుండెకు గిది సుత మంచిదే" అని బేరం కుదిర్చేది. ఒకసారి నాకు పురమాయించింది.

"గా సాల్మనుకు లైసెన్సు ఎట్లిస్తరో జెర నీ ఫోన్ల సూడురా."

చూశాను. ఎక్కడో చలి సముద్రాల దగ్గర దాని వేటకూ లైసెన్సులు ఇన్నే అని గిరిగీస్తారట. కొన్ని చోట్ల లైసెన్సున్న మనిషి పడవలో ఉండి తీరాలట. చదివి చెబితే పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే ఆడ సుత ఎవలో పిలగాడు పడవల కండ్లు మూస్కొని కూసుంటడన్నట్టు! పాపం, సలికి ఇంకింత వణుకుతడు." ఆ పిలగాడి తల్లి గురించి చాలాసేపు మాట్లాడింది. ఆమె పేరైనా కార్డులో ఉందో లేదో చూడమంది. అంత వివరం నా ఫోన్లో లేదు.

చివరికి ఆఫీసుల చుట్టూ తిరిగి, సొంతంగా సభ్యత్వం కోసం నైపుణ్య పరీక్షకు పిలుపు సంపాదించింది. ఈత కొట్టాలి, వల విసరాలి, తెగిన వల అల్లి చూపించాలి. కట్ట మీద అందరూ మగవాళ్లే. పెద్దమ్మ చీర గోచీ పోసి కట్టి నీళ్లలో దిగింది. ఒడ్డుకొచ్చి వల భుజాన వేసుకుని విసిరితే అది గాల్లో గుండ్రంగా విచ్చుకుని, చప్పుడు లేకుండా నీళ్లమీద పరుచుకుంది. పరీక్ష పెట్టే కుర్ర ఆఫీసరు రాయడం మానేసి చూశాడు. పాస్ అన్నాడు. ఆ సాయంత్రం ఆమె మా వీధి వీధంతా మిర్చీబజ్జీలు పంచింది.

తర్వాత కబురొచ్చింది. నైపుణ్యం ఉంది, ఖాళీ లేదు. చెరువు ఎంత ఉంటే అంతమందికే సభ్యత్వం. కొత్తగా కొలిస్తే చెరువు తగ్గింది. ఉన్న సభ్యులే ఎక్కువయ్యారు.

"సెరువు సిక్కిపోయిందంటున్నరు గదా సారూ, దాన్ని మింగినోళ్లకు లైసెన్సు ఎవలిచ్చిండ్రు?" అని అడిగింది.

కుర్ర ఆఫీసరు ఫైలు మూశాడు. అది తన సెక్షను కాదన్నాడు. నిజంగానే కాదు. అందుకే నాకు ఇప్పటికీ ఎవరి మీద అరవాలో తెలియడం లేదు.

అన్న రాజీనామా చేస్తానన్నాడు. చేస్తే ఆ సభ్యత్వం రద్దవుతుంది గానీ ఆమెకు రాదట. అన్నకే ఏమైనా అయితే మాత్రం వారసుల్లో ఒకరిగా ఆమెకు రావచ్చట. ఇది వినగానే మావాడు నవ్వుతూ, "అట్లయితే నేను సచ్చి ఇస్తనమ్మా నీకు కార్డు" అన్నాడు. పెద్దమ్మ చేతిలోని చేపతోనే వాడి వీపు మీద కొట్టింది. మరునాడు సంఘం ప్రెసిడెంటు ఇంటికెళ్లి, వాకిట్లో నిలబడి అడిగింది.

"నా కొడుకు సస్తేనే నాకు కార్డా? గిదేం రూల్ తమ్మీ?"

"రూల్ నేను రాసిన్నా అక్కా? రా, చాయ్ తాగు" అన్నాడాయన.

ఆమె చాయ్ తాగింది. కార్డు గురించి ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఆ నిశ్శబ్దం చూసినప్పుడే నాకు మొదటిసారి భయమేసింది. మళ్లీ తిడితే బాగుండుననిపించింది.

వారం జ్వరం. అంతే. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు.

సంఘంలో ఒక ఆచారం ఉంది. సభ్యుడు పోతే, సాగనంపిన మరునాడు ఎవరూ వేటకు వెళ్లరు. కట్ట మీది గది ముందు నల్లబల్ల మీద కారణం రాస్తారు. పెద్దమ్మను సాగనంపిన మరునాడు నేను, అన్న అక్కడికి వెళ్లేసరికి ప్రెసిడెంటు, సెక్రటరీ బల్ల ముందు నిలబడి వాదించుకుంటున్నారు.

"సభ్యురాలు గాదు గదన్నా. ఏమని రాయాలె? రేపు ఆడిట్ల నన్నడుగుతరు" అంటున్నాడు సెక్రటరీ.

"మరి వీళ్లను పొమ్మందామా నీళ్లల్లకు?"

వీళ్లు అంటే వేటగాళ్లు. వలలు మడిచి పక్కన పెట్టి, గది గోడ నీడలో వరుసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ లేచేలా లేరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు వల విసిరి పోతే ఆమె పోయినట్టు రాయడానికి కూడా గడి లేదు. అన్నకేసి చూశాను. వాడు మెడలో కార్డు వేసుకోవడం మరిచిపోయి వచ్చాడు.

సెక్రటరీ చాలాసేపు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పాడు. తర్వాత బల్లను తన తువ్వాలుతోనే తుడిచి, పెద్ద అక్షరాలతో రాశాడు.

"వర్షం కారణంగా నేడు వేట లేదు."

రోడ్డు మీద స్కూటర్ మీద పోతున్న ఒకాయన ఆగి బల్ల చదివాడు. తల ఎత్తి ఆకాశం చూశాడు. ఎండ కళ్లు చిట్లించేలా కాస్తోంది, ఒక్క మబ్బు తునక లేదు. మా వైపు చూశాడు. ఆయన వెనకాల చెరువంతా, ఒక్క తెప్ప లేకుండా, తళతళా మెరుస్తోంది.