నెయ్యి పూసిన రివాల్వరు

ఆ రోజుల్లో డిగ్రీ చదివినవాడంటే ఇంగ్లీషులో అచ్చయిన కాగితం ఏదైనా సరే చదివి అర్థం చెప్పగలవాడని లోకం నమ్మేది. మందుసీసా మీది చీటీ అయినా, మోటారు పంపుతో వచ్చిన కాగితమైనా మా పేటవాళ్ళు నా దగ్గరికే తెచ్చేవారు. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి కావడం వల్ల, ఆ నమ్మకాన్ని వమ్ము చేసే ధైర్యం నాకు ఉండేది కాదు. (నేను చదివింది జంతుశాస్త్రమనీ, కప్పను గురించి తప్ప మరి దేనిని గురించీ నిర్భయంగా మాట్లాడలేననీ ఎవరికీ చెప్పలేదు.) ఈ అర్హతతోనే తొంభైల నడుమ ఖతార్ చేరి, దోహాలో ఇళ్ళ నిర్మాణానికి కావలసిన సామాను అమ్మే ఒక కంపెనీలో టైపిస్టుగా కుదిరాను.

కంపెనీ యజమానిని అందరమూ అర్బాబ్ అనేవాళ్ళం. భారీ మనిషి, నవ్వితే ముందుగా భుజాలు నవ్వేవి. మాతో హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు కలగలిపిన భాషలో మాట్లాడేవారు. ఆయనకు ఒక ముచ్చట ఉండేది. గుర్రాల మీద తిరిగే కాలం నాటి రివాల్వర్లకు అచ్చు నకళ్ళుగా ఇటలీలో కొత్తగా చేసిన తుపాకులను లైసెన్సు మీద తెప్పించి, అతిథులు కూర్చునే గదిలో అద్దాల బీరువాలో మఖమలు గుడ్డ మీద పేర్చుకునేవారు. వాటికి ఇప్పటి తూటాలు పనికిరావు. తిరిగే చక్రంలోని ఒక్కొక్క గదిలో తుపాకిమందు పోసి, సీసపు గుండు పెట్టి, కింది మీటతో కూరి, వెనుక రాగి టోపీ తొడిగితేనే పేలతాయి. ఆ పని ఎలా చేయాలో చెప్పే పుస్తకం ఇంగ్లీషులో ఉంది. కాబట్టి నాకు పిలుపు వచ్చింది.

"ఉస్తాద్, తుమ్ గ్రాడ్యుయేట్. పఢో," అన్నారు, కొత్తగా వచ్చిన పెట్టెను నా ముందుకు తోసి.

దాని మీద మొట్టమొదట కనబడిన మాట 'రీప్రొడక్షన్'. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ పేరుతో మా పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. పరీక్షలో దానికి బొమ్మ వేసి రంగు కూడా పూశాను. "సర్, ఇస్‌కా మత్‌లబ్... బచ్చా పైదా కర్నా," అని తల వంచుకుని విన్నవించాను. అర్బాబ్ రివాల్వరును వెల్లకిలా తిప్పి చూశారు. "యే? బచ్చా?" అన్నారు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న డ్రైవరన్న (అర్బాబ్ కారు నడిపేవాడు, నిజామాబాద్ వైపు మనిషి, దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో నాతో ఒకే గదిలో ఉండేవాడు) తెలుగులో, "ఈతకు ఎన్ని పెడ్తదో గూడ చెప్పున్రి సార్, ఉయ్యాల తెస్త," అన్నాడు. మర్నాడు నిఘంటువు చూసి అది 'నకలు' అని సవరించాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ తరువాత వచ్చిన ప్రతి రివాల్వరునూ అర్బాబ్ ఒళ్ళో పెట్టుకుని 'బచ్చా' అనే పిలిచారు.

ఈ విశేషాలు మా చిన్నాన్నకు ఫోనులో చెప్పాను. మా ఊరు కొల్లేటి ఒడ్డున ఉంది. ఆదివారం ఆరాధన కాగానే చిన్నాన్న టెలిఫోను బూత్ ముందు బల్ల మీద కూర్చుని నా కోసం ఎదురుచూసేవాడు. ప్రతి మాటనూ శ్రద్ధగా తెలుగు చేయడం నా అలవాటు గనుక, ఆ తుపాకిమందుకు ఇంగ్లీషు పేరైన బ్లాక్ పౌడర్‌ను కూడా తెలుగు చేసి, మా అర్బాబ్‌కు నల్లమందు అంటే ఎంతో ఇష్టమని చెప్పాను.

"నల్లమందా! అది తినేవాడి దగ్గరా నీకు నౌకరీ?" అన్నాడు చిన్నాన్న గొంతు తగ్గించి. "మీ అమ్మకు మాత్రం చెప్పకురోయ్, ఉపవాస ప్రార్థన పెట్టిస్తుంది."

"తినేది కాదు చిన్నాన్నా, తుపాకిలో పోసేది."

"నువ్వు పేల్చావా?" అన్నాడు, పూర్తిగా వేరే గొంతుతో.

ఆ గొంతు ఎందుకు మారిందో నాకు తెలుసు. చలికాలంలో కొల్లేటి మీద పరజ పిట్టలు దిగినప్పుడు మా ఊరి కామందుగారు వేటకు వెళ్ళేవారు. తాటిదోనె నడిపేది చిన్నాన్న. జంటగొట్టాల తుపాకీని తుడిచి, తూటాలు అందించి, పడిన పిట్టను నడుములోతు నీళ్ళలోకి దిగి తెచ్చేదీ చిన్నాన్నే. వయసంతా ఆ తుపాకీ భుజాన మోశాడు గానీ ఒక్కసారీ పేల్చలేదు. "ఒక్కటంటే ఒక్కటి పేల్చరా అబ్బాయ్," అన్నాడు. "పేలినప్పుడు చేతికి ఏం తెలుస్తుందో నాకు చెప్పు. మోస్తే బరువొకటే తెలుస్తది." అది మొదలు ప్రతి ఆదివారమూ 'బాగున్నావా' అనే మాటకు బదులు 'పేల్చావా' అనేవాడు. వారం వారం 'లేదు' అని చెప్పి చెప్పి, ఆ కోరిక ఆయనదో నాదో నాకే తెలియకుండా పోయింది.

శుక్రవారాలు మేము ముగ్గురం అల్ ఖోర్ ఊరు దాటి, ఇసుక మధ్యనున్న అర్బాబ్ గారి తోటకు వెళ్ళేవాళ్ళం. ఖాళీ రంగు డబ్బాలను దూరంగా నిలబెట్టేవాడు డ్రైవరన్న. పుస్తకం ఒక చేత పట్టుకుని, చదువుతూ, రివాల్వరు నింపేవాణ్ణి నేను. పేల్చేది అర్బాబ్. (ఆ యంత్రంలో రాగి టోపీ తొడిగే మొనకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు పెద్దల ఎదుట ఉచ్చరించలేక నేను దానిని 'చిన్న ముక్కు' అని వ్యవహరించాను.) మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. గుండు కూరిన తరువాత ప్రతి గది మూతికీ కొవ్వు పూయాలనీ, లేకపోతే నిప్పురవ్వ పక్క గదులకు పాకి అన్నీ ఒకేసారి పేలతాయనీ పుస్తకంలో ఉంది. ఏ కొవ్వు పూయాలో కూడా ఉంది. పంది కొవ్వు. తూటాలకు ఏదో కొవ్వు పూశారన్న మాట మీదనే సిపాయిల తిరుగుబాటు లేచిందని ఎనిమిదో తరగతిలో చదువుకున్నవాణ్ణి. రెండో తిరుగుబాటు దోహాలో నా అనువాదంతో మొదలు కావడం నాకు ఇష్టం లేకపోయింది. "ఇక్కడ నెయ్యి అని ఉంది సర్," అన్నాను.

"ఘీ?"

"ఘీ, సర్."

"జేన్! యల్లా, ఘీ లావో," అన్నారు, మంచిది, త్వరగా తెమ్మని.

ఆ ఎడారిలో నెయ్యి అంటే మా భోజనాల సంచిలో ఉన్నదొక్కటే. సెలవు మీద వెళ్ళివచ్చిన మా ప్రాంతంవాడి చేత మా అమ్మ పంపిన గేదె నెయ్యి అది. ముద్దకు నాలుగు చుక్కల చొప్పున పొదుపుగా వాడుకుంటున్నాను. దానిని వేలితో తీసి ఇటలీ రివాల్వరుకు పూస్తుంటే డ్రైవరన్న, "మీ అమ్మకు తెలిస్తే ఉన్నదా సార్," అన్నాడు. చలికాలం కావడం వల్ల నెయ్యి పేరుకుని ఉండి, గదుల మూతులకు చక్కగా అంటుకుంది. అర్బాబ్ పేల్చారు. తెల్లటి పొగ మబ్బులా లేచి నెమ్మదిగా మా మీదికి వచ్చింది. క్రిస్మస్ ముందు మా అమ్మ అరిసెలు వేస్తున్న పొయ్యి పక్కనే ఎవరో చిచ్చుబుడ్డి వెలిగించినట్టుంది ఆ వాసన. నేను కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలే పట్టి ఉంచాను. దగ్గు వచ్చి వదిలేయవలసివచ్చింది.

డ్రైవరన్న ఆ మొదటి రోజే "అర్బాబ్, ఏక్ మై మారూఁ?" అని అడిగి, పుచ్చుకుని, పేల్చి, గంతులు కూడా వేశాడు. నేను అడగలేదు. శుక్రవారం వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వారే పిలుస్తారని, పిలవడానికి వీలైన దూరంలో నిలబడేవాణ్ణి.

"అడుగున్రి సార్, నోరు లేదా? నేనడగాల్నా?" అనేవాడు డ్రైవరన్న.

"వద్దు, వద్దు. అడిగి పుచ్చుకోవడం మర్యాద కాదు."

"గా మర్యాద జేబుల పెట్టుకొని ఉత్త చేతులతోని ఇంటికి పోతరు, సూడున్రి."

ఎండలు ముదరబోతున్నాయనగా, ఆ ఏటికి ఇదే ఆఖరు అని అర్బాబ్ అన్న శుక్రవారం నాడు, ఆయన నా వైపు తిరిగి, "ఉస్తాద్, ఆజ్ తుమ్," అన్నారు. నా చేత పేలబోయేదానిని నేనే నింపుకున్నాను. భక్తికొద్దీ నెయ్యి రెండింతలు పూశాను. పుస్తకంలోని బొమ్మను అనుసరించి ఎడమచెయ్యి నడుము వెనుక పెట్టి, ఛాతీ విరిచి, పాదాలు సరిచేసుకుని, కళ్ళు మూసి చిన్న ప్రార్థన కూడా చేశాను. ఇంత మర్యాదకు ఎండ ఆగలేదు. నెయ్యి కరిగి, కొంత నా మణికట్టు మీదుగా ఇస్త్రీ చొక్కాలోకి, తక్కినది మందులోకి దిగింది. ట్రిగ్గరు నొక్కాను. టిక్. మళ్ళీ నొక్కాను. టిక్. చివరి గది మాత్రం దయతలచి 'ఫుస్' మంది. గుండు గొట్టంలోంచి బయటికి వచ్చి, దారి తెలియని దానిలా నా బూటుకు బారెడు దూరంలో ఇసుకలో పడింది.

అర్బాబ్ నవ్వుతూ నవ్వుతూ ఇసుకలో కూలబడ్డారు. తరువాత కళ్ళు తుడుచుకుని, తన కోసం తానే పొద్దున నీడలో నింపి ఉంచుకున్న మరో రివాల్వరు తీసి, పిడిని నా వైపు తిప్పి చాచారు. "లో ఉస్తాద్. యే వాలా మారో."

నా చెయ్యి లేచింది. నోరు మాత్రం అంతకంటే ముందు లేచింది. "నో సర్, థాంక్యూ సర్, ఇట్ ఈజ్ ఎనఫ్," అంది.

ఇందులో నా తప్పు లేదని నేటికీ నా వాదన. మా ఇళ్ళలో ఎవరైనా ఏదైనా పెట్టబోతే, మొదటిసారి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి 'వద్దండీ, చాలు' అంటాం. వడ్డించమని దాని అర్థం. అదే ఖర్జూరమైతే అర్బాబ్ పదిసార్లు బలవంతపెట్టి ఉండేవారు, అది నేను కళ్ళారా చూశాను. కానీ వద్దన్నవాడి చేత తుపాకీ పట్టించే బుద్ధిహీనుడు కాదాయన. "జేన్, ఖలాస్," అని, సరే, అయిపోయిందన్నట్టు తానే పేల్చారు. డబ్బా ఎగిరిపడింది. సగం లేచిన నా చేతిని ఏం చేయాలో తెలియక దానితో చెవి గోక్కున్నాను.

ఆ సాయంత్రం గదికి చేరాక డ్రైవరన్న చాలాసేపు ఆలోచించి అడిగాడు. "సార్, మీరు నిజంగనే వద్దన్నరా, లేకుంటె ఊకె గట్ల అన్నరా?"

"ఊరికే అలా అన్నాను."

"ఊకె అన్నరని ఆయనకెట్ల ఎర్కైతది? అర్బాబ్‌ది మీ ఊరా?"

ఆ వేసవిలో అర్బాబ్‌కు పొగ పడదని డాక్టరు చెప్పడంతో బచ్చాలన్నీ అద్దాల బీరువా ఎక్కాయి. మళ్ళీ దిగలేదు.

ఆదివారం చిన్నాన్నకు ఉన్నదంతా చెప్పాను. టిక్కులకు పడీపడీ నవ్వాడు. రెండో రివాల్వరు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"వద్దన్నావా?"

"అన్నాను చిన్నాన్నా."

"కామందుగారు నన్నూ అడిగార్రా ఓసారి," అన్నాడు. "ఎదురుగా పరజలు దిగి ఉన్నాయి. 'ఏరా, ఓటి పేలుస్తావా' అని తుపాకీ నా చేతికే ఇచ్చారు. 'నాకెందుకండీ బాబూ' అన్నాను."

"మరి?"

"మరేముంది, తీసేసుకున్నారు. ఇంకోసారి అడుగుతారనుకున్నాను."

చెప్పవలసింది అయిపోయినా ఎవరమూ ఫోను పెట్టలేదు.

చిన్నాన్న పోయి చాలా కాలమైంది. నేనూ ఉద్యోగం విరమించి ఏలూరులో స్థిరపడ్డాను. మొన్న మా శ్రీమతితో ఎగ్జిబిషన్‌కు వెళితే, బెలూన్లు కాల్చే కొట్టు అతను తుపాకీ నా వైపు చాచి, "రండి సార్, ఒక్కటి కాల్చండి," అన్నాడు. "వద్దులే బాబూ," అన్న మాట నాకు తెలియకుండానే నా నోటి నుంచి వచ్చేసింది. మా శ్రీమతి ముందుకు సాగిపోయింది. నేను మాత్రం పక్క కొట్లో రిబ్బన్లు బేరమాడుతున్నట్టు నటిస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను, అతను రెండోసారి పిలిస్తే వెళదామని.