వికెట్ పడినా లేవను

నేను హాల్లో అడుగుపెడితే ఇండియా వికెట్ పడుతుందని మా అత్తారింట్లో గట్టి నమ్మకం. ఎక్కడో స్టేడియంలో బ్యాటు పట్టుకున్నవాడికి అనకాపల్లిలో నా అడుగు ఎలా అడ్డం పడుతుందో ఎవరూ చెప్పరు. "నువ్వు కాసేపు లోనికెళ్ళమ్మా" అంటారు మావయ్య. పదేళ్ళు వెళ్ళాను. ఉల్లిపాయలు తరుగుతూ, హాల్లో అరుపుల్ని బట్టి స్కోరు ఊహించుకునేదాన్ని. మునగపాకలో మా చెరకు తోట పక్కన అన్నయ్యలిద్దర్నీ క్లీన్ బౌల్డ్ చేసినదాన్ని నేను. క్రికెట్ అంటే నాకు ప్రాణం.

మావయ్యది బెల్లం వ్యాపారం. మార్కెట్లో రైతు తెచ్చిన దిమ్మ మూల విరిచి నోట్లో వేసుకుని, ఎంత తియ్యగా ఉన్నా మొహం చిట్లిస్తారు. బాగుందంటే ధర దిగదు కదా, అందుకని ఆయన నోట ఆ మాట రాదు. నా పెళ్ళికి ముందు మా నాన్న వండిన బెల్లాన్ని కూడా రంగు లేదు, పస లేదు అన్నారట. నాన్న ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తీరా నేను కాపురానికొచ్చి చూస్తే, ఈ ఇంట్లో పరమాన్నానికి నాన్న బెల్లమే వేరుగా తీసి దాస్తున్నారు. ఆ సంగతి కడుపులోనే పెట్టుకున్నాను.

ఆస్ట్రేలియాతో ఫైనల్ రోజు మాత్రం అందరికన్నా ముందే వెళ్ళి టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. మన వికెట్లు పడుతున్నకొద్దీ చూపులన్నీ నా మీదకే. లేవలేదు. తర్వాత వాళ్ళ ఓపెనర్ మన బౌలర్లని చితక్కొడుతుంటే మావయ్య మొహం మార్కెట్లోలాగే చిట్లింది.

"ఏటుంది ఆడి దగ్గిర? అంతా లక్కు."

వాడు సెంచరీ కొట్టాడు. ఓడిపోతున్నామని నాకు ఏడుపొస్తోంది. అయినా చప్పట్లు కొట్టాను.

"ఏటమ్మా, మనోళ్ళని బాదేత్తంటే సప్పట్లా?"

"మంచి బెల్లాన్ని సెడ్డదంటే మార్కెట్లో రేటు దిగుతాది మావయ్యా. ఇక్కడ ఎవుడి రేటు దింపుదావని? ఆడు సేతకానోడైతే ఆడితో మనకి పోటీ ఏటి? రేపు మనం గెలిత్తే ఎవుణ్ణి గెలిసినట్టు?"

అక్కడితో ఆగలేకపోయాను.

"మా నాన్న బెల్లం కూడా పస లేదన్నారు. మరి దేవుడి పరమాన్నంలోకి అదే ఎందుకు తీత్తన్నారు?"

మా ఆయన టీవీ కట్టెయ్యబోతే రిమోట్ లాక్కున్నాను. వాళ్ళు కప్పు ఎత్తేదాకా, కళ్ళు తుడుచుకుంటూనే చూశాను. మావయ్య కూడా లేవలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ ఆస్ట్రేలియాతో మ్యాచ్ వచ్చింది. మన మొదటి వికెట్ తొందరగానే పడింది. మ్యాచ్‌కి వచ్చిన పక్కింటాయన నా వైపు తిరిగి, కాసేపు లోనికెళ్ళమన్నాడు.

మావయ్య టీవీ మీంచి చూపు తిప్పలేదు. "కూకోనీ బావా. దాందేటుంది? ఆడు బాలు బాగా యేసేడు." రీప్లే చూసి, "బాగుంది" అన్నారు.

ఎదుటివాడి సరుకు బాగుందని ఆయన అనగా వినడం నాకు అదే మొదలు. ఆయన అనకపోయినా నేను లేచేదాన్ని కాదు.