ఎనిమిది మంది పని

ఈ ఉదయం బిలాస్‌పూర్‌లోని తెలిపారా పేట నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. కాలేజీ ఫారం నింపుతోందట. "అత్తా, ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ రెండూ కలిపి ఐదేళ్ళ కోర్సు. నువ్వు చదివిందే. లే లూఁ క్యా?" అంది. తీసుకోమన్నాను. ఫోన్ పెట్టేశాక నాన్న గుర్తొచ్చాడు.

నాన్న బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. వ్యాగన్ల చక్రాలు విప్పి బిగించే సెక్షన్. నేనేం చదువుతున్నానని ఎవరైనా అడిగితే, "ఒకే టిక్కెట్టు మీద రెండూళ్ళు తిరిగొస్తాది మా పిల్ల" అనేవాడు. అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు. క్వార్టర్‌లో ఉన్న ఒక్క బల్లా నాకిచ్చేసి, తను గుమ్మంలో కూర్చుని టీ తాగేవాడు.

నాలుగో ఏడు ప్రాజెక్టుకు నాన్న సెక్షన్‌నే ఎంచుకున్నాను. పైఅధికారులను బతిమాలి అనుమతి తెచ్చింది ఆయనే. రెండు వారాలు గ్రీజు వాసనలో నిలబడి, ఎవరు ఏ పనికి ఎంతసేపు తీసుకుంటున్నారో వాచీ చూసి రాసుకున్నాను. నాన్నతో కలిపి ఎనిమిది మంది. ఒకాయన పక్కూరు మస్తూరీ నుంచి నా కోసం జామకాయలు తెచ్చేవాడు. ఇంకొకాయన, శ్రీకాకుళం వైపు మనిషి, నేను చూస్తున్నానని కొత్త చొక్కా వేసుకొచ్చి మొదటిరోజే మసి చేసుకున్నాడు. ఇంజనీరుగా చక్రాలను ఎత్తే కొత్త ఏర్పాటుకు బొమ్మ గీశాను. మేనేజరుగా తేల్చాను: అది ఉంటే ఐదుగురు చాలు.

మంచి మార్కులొచ్చాయి. నాన్న ఆ ఇంగ్లీషు ప్రాజెక్టు పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఏం రాశానో చెప్పమన్నాడు. చెప్పాను.

"అచ్ఛా. మరి మిగతా ముగ్గురూ ఏటైపోతారమ్మా?"

"అది నా ప్రాజెక్టులోకి రాదు నాన్నా."

ఆయన తలూపాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మర్నాడు ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని డ్యూటీకి పట్టుకెళ్ళాడు. ఎందుకని నేను అడగలేదు.

ఐదో ఏడు పూర్తికాకముందే, ఒక ఉదయం చెప్పులు తొడుక్కుంటూ నాన్న గుమ్మంలోనే కూలిపోయాడు. గుండె. పదో రోజున ఆ ఏడుగురూ వచ్చారు. శ్రీకాకుళం ఆయన నా పక్కన కూర్చుని, "నీ పుస్తకం మాకందరికీ సూపించినాడమ్మా మీ నాన్న. మన పనెంత కష్టమో మా పిల్ల రాసిందిరా అన్నాడు" అని కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళలో ఎవరికీ ఇంగ్లీషు చదవడం రాదు. నేను కాదని చెప్పలేకపోయాను.

ఉద్యోగంలో ఇప్పుడు మనుషుల్ని తగ్గించే అలాంటి కాగితం ఏది నా ముందుకొచ్చినా, పని పోయి మిగిలిపోయేవాళ్ళ సంగతే ముందు అడుగుతాను. అలా అడగడం నేర్చుకోవడానికి నాకు పట్టిన కాలం, నాన్నకు మిగిలిన కాలం కంటే చాలా ఎక్కువైపోయింది.