కుళాయి లేని తోట

కాలేజీలో భవనాల ప్లాన్లు గీయడం నేర్పే ఆయన్ని విద్యార్థులు టేపు మాస్టారు అంటారు. జేబులో కలం లేకుండానైనా కాలేజీకి వస్తారు గాని, కొలతల టేపు లేనిదే గడప దాటరు. మూడో అంతస్తు బాల్కనీలో పిల్లలు కూర్చుని చదువుకోవడానికి చిన్న తోట వేయమంటే, నెల రోజులు అక్కడే మకాం పెట్టారు. ఏ మూల ఎండ ఎంతసేపు నిలుస్తుందో, బెంచీ మీద కూర్చున్నవాళ్ల మోకాలికీ కుండీకీ ఎంత ఎడముండాలో అంగుళాలతో సహా రాసుకున్నారు. తోట నవనవలాడింది. అందరూ మెచ్చుకుంటుంటే మీసం చాటున మురిసిపోయారు.

ఓ రోజు పెందలాడే వచ్చేసరికి, ఊడ్చే ఆయమ్మ రెండు బకెట్లతో రొప్పుతూ మెట్లెక్కుతోంది.

"నీళ్లెక్కడికి ఆయమ్మా?"

"మీ మొక్కలకే సార్. పైన కుళాయి లేదు కదా."

అన్నీ కొలిచిన మాస్టారు ప్లానులో కుళాయి గీయడమే మరిచిపోయారు.

"రోజూ ఎన్నిసార్లు ఎక్కుతున్నావు?"

"ఏడెనిమిది సార్లు. పోనీలెండి, పిల్లలు హాయిగా కూర్చుంటున్నారు."

ఈ మెచ్చుకోలు మాత్రం ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. గబగబా వెళ్లి ఒక బకెట్ అందుకోబోయారు. ఆవిడ ఇవ్వలేదు.

"వద్దు సార్, మీకు అలవాటు లేదు, ఒలకబోస్తారు. మళ్లీ మెట్లు తుడవాల్సింది నేనే."